రచయితకు నియమమేల?

కవిత్వము పూర్వజన్మ సుకృతమని మనవారి నమ్మకము. నిరక్షరకుక్షి నాలుకపై అమ్మవారు బీజాక్షరములు వ్రాసినదనియు, అతడు తెల్లవారునప్పటికి మహాకవియై లేచెననియు చెప్పు కథ ప్రతి ఊరను ఏదో యొక రూపమున వినవచ్చును. వినుటకు ఇంపైన ఈ కథలో ఒక సౌకర్యము కూడ కలదు. వ్రాసినవాని ఘనత అమ్మవారిదే యగును. వ్రాయనివాని సోమరితనమును అమ్మవారి లెక్కలోనికే పోవును. తెల్లవారుజామున లేచి దీపము ముందు కూర్చుండవలసిన శ్రమ ఎవ్వరికిని ఉండదు.

శ్రమ లేనిదే ఏ విద్యయు రాదని ఎరిగినవారు సైతము రచన విషయమున మాత్రము వేరు న్యాయము చెప్పుదురు. వీణ నేర్చువాడు సరళీస్వరములు సాధన చేయవలెను. మగ్గము ముందు కూర్చున్నవాడు తెగిన పోగును అప్పటికప్పుడే ముడివేయవలెను. రచయిత మాత్రము మనసు కుదిరినప్పుడు వ్రాసిన చాలునట! నియమము పెట్టుకొన్నచో ప్రతిభ వాడిపోవునట! ఈ మాటలోని సత్యాసత్యములను కొంత విచారింపదలచితిని. రచయిత నిత్యజీవితమునకు నియమము అవసరమా? అవసరమైనచో అది రచనను మాత్రమే తీర్చునా, రచయితను కూడ తీర్చునా? అన్నిటికంటె ముఖ్యముగ, ఒకడు పాటించు నియమమునకు వెల చెల్లించువారెవరు? ఈ మూడు ప్రశ్నలును ఒకదానివెంట నొకటి వచ్చునవే.

ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములకు వెలుపల తరతరములుగ స్థిరపడిన మనకు ఈ విచారము మరింత అవసరము. బరంపురములో గాని, హోసూరులో గాని, బళ్ళారిలో గాని, షోలాపురములో గాని తెలుగు వ్రాయువాడు ఒకనాడు వ్రాయుట మానినచో, ఏల మానితివని అడుగువాడు లేడు. కచేరిలో భాష వేరు. బడిలో పిల్లలు దిద్దు అక్షరములు వేరు. వ్రాసినదానిని తెమ్మని వాకిట కాచుకొనియుండు సంపాదకుడు లేడు. చదివి మెచ్చుకొనువారో, నలుగురైదుగురు మిత్రులు. వెలుపలినుండి వచ్చు ప్రేరణ ఇంత కొంచెమైనచోట మిగులునది లోపలి పట్టుదల యొక్కటే. ఆ పట్టుదల దినదినము ధరించు రూపమునకే నియమమని పేరు.

మన ఆలంకారికులు ప్రతిభను తక్కువచేసినవారు కారు. అయినను ప్రతిభ యొక్కటియే చాలునని చెప్పి ఊరకుండినవారును అరుదు. దండి సహజప్రతిభతోపాటు నిర్మలమైన శాస్త్రపరిచయమును, ఎడతెగని అభ్యాసమును కావ్యసంపదకు కారణములుగ చెప్పెను. అంతతో ఆగక, పూర్వవాసన వలన వచ్చు ప్రతిభ లేనివాడైనను శ్రద్ధతో వాగ్దేవిని కొలిచినచో ఆమె కొంతయైన అనుగ్రహము చూపకపోదని ధైర్యము చెప్పెను. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడును వేర్వేరు కారణములు కావనియు, మూడును కలిసి ఒకే కారణమనియు నిర్ణయించెను. ఈ మూడింటిలో ఏది ముఖ్యమని అడుగుట ముక్కాలిపీటకు ఏ కాలు ముఖ్యమని అడుగుటవంటిది.

అయితే అభ్యాసమనగా నేమి? దినమునకు ఎంత సేపు? ఏ వేళ? ఈ చిన్న ప్రశ్నలను చిన్నవని త్రోసివేయక సమాధానము చెప్పినవాడు రాజశేఖరుడు. క్రీస్తుశకము 900 ప్రాంతమున కన్యాకుబ్జపు ప్రతీహార ప్రభువుల ఆస్థానమున నుండిన ఈ కవి రచించిన కావ్యమీమాంస 1916లో బరోడానుండి గైక్వాడు ప్రాచ్య గ్రంథమాలలో మొదటి గ్రంథముగ అచ్చుపడినది. అందు పదవ అధ్యాయము కవి నిత్యజీవితమును గూర్చినది.

నియతకాలము లేని పనులు చెదరిపోవును గావున పగటిని నాలుగు జాములుగను, రాత్రిని నాలుగు జాములుగను విభజించుకొనవలెనని ఆయన మతము. ఉదయసంధ్య ముగిసిన పిమ్మట మొదటి జాము చదువుటకు. రెండవ జాము వ్రాయుటకు. మధ్యాహ్నము స్నానభోజనములు, ఆ తరువాత కావ్యగోష్ఠి. నాలుగవ జామున ఒంటరిగనో, కొలదిమంది నమ్మకస్థులతోనో కూర్చుండి ఉదయము వ్రాసినదానిని పరీక్షించుట. సంధ్య గడచిన పిదప పరీక్షకు నిలిచినదానిని ఎత్తి వ్రాయుట. రాత్రి రెండు, మూడు జాములు చక్కగ నిద్రించుట. నాలుగవ జామున ప్రయత్నపూర్వకముగ మేలుకొనుట.

ఇందు గమనింపదగినవి రెండు. వ్రాయుటకు ఒక జాము. వ్రాసినదానిని తప్పుపట్టుకొనుటకు వేరొక జాము. రసావేశముతో వ్రాయువానికి ఆ సమయమున మంచిచెడ్డలు వేరుపరచు కన్ను ఉండదని రాజశేఖరుడెరుగును. కావుననే ఆ వేడి చల్లారిన పిమ్మట అధికమైనదానిని విడువుమనియు, కొరవడినదానిని పూరింపుమనియు, చోటు తప్పినదానిని మార్పుమనియు బోధించెను. రెండవది నిద్ర. రాత్రులు మేల్కొని కన్నులెర్రచేసికొనుటయే సాహిత్యసేవ యని భ్రమపడువారికి ఇది మంచి మందు. శరీరమును హింసించుట నియమము కాదు. శరీరమును పనికి సిద్ధముగ ఉంచుకొనుట నియమము.

ఆయన చెప్పిన మరియొక మాట మన హృదయములలోనికి తొంగిచూచి చెప్పినట్లుండును. తరువాత పూర్తిచేసెదను, తరువాత సంస్కరించెదను, తరువాత మిత్రులతో ఆలోచించెదను అను మనస్సు గ్రంథవినాశమునకు ఒక కారణమట. అదే వరుసలో ఆయన దేశమున పుట్టు కల్లోలమును కూడ చేర్చెను! శత్రుసేన వచ్చి తాళపత్రములు తగులబెట్టుటయు, మనము రేపు చూతములే యనుకొనుటయు ఫలితమున ఒక్కటే.

ఇది పరిచారకులు గల ఆస్థానకవి దినచర్య కదా, ఉదయము తొమ్మిదింటికి ఉద్యోగమునకు పరుగెత్తవలసిన మాకేమి ఉపయోగమని పాఠకులు అడుగవచ్చును. రాజశేఖరుడు ఆ ప్రశ్నకును సమాధానము సిద్ధపరచి యుంచెను. కాలమును బట్టి కవులు నాలుగు తెగలు. గుహలలోనో, ఇంటి లోపలి గదులలోనో చేరి ఎండపొడ చూడక ఏకాగ్రతతో వ్రాయువాడు అసూర్యంపశ్యుడు. మనస్సు కావ్యక్రియయందు లగ్నమైనప్పుడు కూర్చుండి వ్రాయువాడు నిషణ్ణుడు. ఏదో యొక సందర్భమును పురస్కరించుకొని వ్రాయువాడు ప్రాయోజనికుడు. కొలువు మొదలగు విధులకు భంగము రాకుండ, మిగిలిన వేళలలో వ్రాయువాడు దత్తావసరుడు. ఈ చివరివానికి అన్ని వేళలును తనవి కావు. అతనికి దొరకు వేళలను ఆయన ఏరి చూపెను: రాత్రి చివరి జాములోని సారస్వత ముహూర్తము, భోజనము ముగిసిన పిమ్మటి నెమ్మది, పల్లకిలో ప్రయాణము చేయు సమయము. ప్రయాణమున తక్కిన విషయములనుండి మరలిన మనస్సు ఎక్కడ నిలిపిన అక్కడనే తిప్పతీగవలె అంటుకొనునని ఆయన పోలిక. నేడు పల్లకి లేదు. బెంగుళూరు సిటీ బస్సు కలదు, ముంబయి లోకలు రైలు కలదు. చేతిలోని ఫోను ఆ ముప్పావుగంటను మ్రింగివేయకుండినచో తిప్పతీగ నేటికిని పాకును.

మనలో పెక్కుమందిమి దత్తావసరులమే. గుమాస్తాలము, ఉపాధ్యాయులము, వర్తకులము, గృహిణులము. తీరిక లేదను మాట మన నోట తరచుగ వినబడును. కాని తీరిక లేనివాని కొరకే ఒక తెగను ఏర్పరచి, వానికిని కవియను పేరు పెట్టిన శాస్త్రము వేయి సంవత్సరములుగ మనకు కలదు.

దత్తావసరుడన ఎట్లుండవలెనో చూపుటకు గిడుగు రామమూర్తి పంతులుగారిని మించిన ఉదాహరణము లేదు. అందును వారు తమ జీవితములో ప్రధానభాగమును గడపినది నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడిలోనే. 1863లో జన్మించిన పంతులుగారు 1880లో అచ్చటి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగ చేరిరి. అప్పటికి వారి చదువు మెట్రిక్యులేషను మాత్రమే. పగలు పిల్లలకు పాఠములు. మిగిలిన వేళ తమ చదువు. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగ చదివి బి.ఏ. పట్టము సంపాదించిరి. సమీపమున నున్న ముఖలింగక్షేత్రపు శాసనములు చదువుటకై ప్రాచీన లిపులను తమంతట తామే నేర్చిరి.

ఆ పరిసరపు కొండలలో సవరలు నివసింతురు. వారి భాషకు నాడు వ్రాత లేదు, పుస్తకము లేదు, నేర్పు పంతులు లేడు. పంతులుగారు సవరభాష వచ్చిన యొకనిని తమ యింట నుంచుకొని ఆ భాష నేర్చుకొనిరి. సవరపల్లెలకు పోయి వారి మాటలను, పాటలను, కథలను విని వ్రాసికొనిరి. సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని వాచకములు వ్రాసి, పాఠశాలలు నడపిరి. ఆ కొండలలో తిరుగునప్పుడు పట్టుకొన్న మలేరియాకు వాడిన క్వినైను వలన వారి వినికిడి దెబ్బతినెను. భాషను చెవితో పట్టవలసినవానికి చెవియే మందగించుట సామాన్యమైన దెబ్బ కాదు. అయినను పని ఆగలేదు. 1911లో ఉద్యోగము విరమించిన పిమ్మటను ఆగలేదు. ఆంగ్లమున రచించిన సవరభాషా వ్యాకరణము 1931లో వెలువడెను. నిఘంటువు ఆ తరువాత వెలువడెను. మొదటి సవరమాట నేర్చిన నాటికిని, వ్యాకరణము అచ్చయిన నాటికిని నడుమ మూడు దశాబ్దములకు పైగ గడచినవి.

ఆ దశాబ్దములలో ప్రతిదినమును ఉత్సాహము పొంగి పొరలి యుండునా? నాలుగు మాటలు చేరిన దినములుండును. ఒక్కటియు చేరని దినములుండును. నిన్న వ్రాసికొన్న అర్థము తప్పని తెలిసి కొట్టివేసిన దినములుండును. అట్టి పనిలో ఆ చివరివే ఎక్కువ. ఆవేశము ఇన్ని యేండ్లు మోయలేదు. మోసినది తనకు తాను ఇచ్చుకొన్న మాట. ఇతరులకిచ్చిన మాట తప్పినచో నిలదీసి అడుగువారుందురు. తనకు తాను ఇచ్చుకొన్న మాట తప్పినచో సాక్షి తానొక్కడే. అందుచేతనే అది నిలుపుకొనుట కష్టము, నిలుపుకొన్నచో గొప్ప. వాడుకభాషను గూర్చి పంతులుగారితో ఏకీభవింపనివారు నాడు కలరు; ఈ వ్యాసపు భాషను చూచి నన్నును ఆ కోవలో చేర్చువారుండవచ్చును. వారి శ్రద్ధకు మాత్రము నమస్కరింపనివారు ఎవ్వరును ఉండరు.

కూర్చుండి వ్రాయుట మొదటి నియమము. దీనికి తోడబుట్టిన రెండవ నియమము మరియొకటి కలదు. గిడుగువారికి విజయనగరమున సహాధ్యాయియు, ఆజీవమిత్రుడును అయిన గురజాడ అప్పారావుగారు దానికి నిదర్శనము. కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, ఆదరము పొందినది. పేరు వచ్చిన గ్రంథమును మరల తాకుట ఎవరికి ఇష్టము? గురజాడవారు దానిని ఇంచుమించు క్రొత్త నాటకమనదగినంతగ తిరిగి వ్రాసి 1909లో ప్రకటించిరి. నేడు మనము చదువునదియు, రంగస్థలముపై చూచునదియు ఆ రెండవ కూర్పే. నడుమ పండ్రెండేండ్లు. ఆరోగ్యము అంతంతమాత్రము, సంస్థానపు విధులు మీదనున్నవి. మొదటి కూర్పుతో తృప్తిపడి యుండినను ఆయనను నిందించువారు లేరు. ఆ తృప్తిని కాదనుకొనుటయే రెండవ నియమము. మొదటిది సోమరితనముతో పోరు. రెండవది అహంకారముతో పోరు. లోకము మెచ్చిన పంక్తిని తన చేతితో తానే కొట్టివేయగలవాడు సోమరితనమును ఎన్నడో జయించినవాడు.

మూడవది మితము. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1912 మొదలు మూడున్నర దశాబ్దములకు మించి మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. కన్నడదేశమున నివసించి కన్నడమునను వ్రాసిరి. సంగీతము నేర్చిరి, నేర్పిరి. వారి పాండిత్యవిస్తారముతో పోల్చినచో వారు ప్రకటించిన గ్రంథములు కొలదియే. వేమనను గూర్చిన ఉపన్యాసములు, నాటకోపన్యాసములు, సారస్వతాలోకము, ప్రాకృతమునుండి తెనిగించిన గాథాసప్తశతి – వీనిలో దేనిని చూచినను త్రాసులో తూచి పెట్టినట్లుండును. తరువాత తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనల పరిష్కరణమునకును, స్వరరచనకును ఏండ్లు వెచ్చించిరి. తాను కవియై యుండియు తన గొంతు తగ్గించి పూర్వుని గొంతు వినిపించుట మితభాషణమున ఉత్తమమైన రూపము.

నేటి దినములలో ఈ మూడవ నియమమే అన్నిటికంటె దుర్లభమైనది. వ్రాసిన క్షణముననే ఫోనుద్వారా వందలమందికి పంపవచ్చును. మరుక్షణమున పొగడ్తలును వచ్చును. రాజశేఖరుడు పరీక్షకు కేటాయించిన నాలుగవ జాము మన దినమునుండి జారిపోయినది. వ్రాసినదానిని ఒక్క రాత్రి ఇంటనే నిద్రింపనిచ్చి, మరునాడు చదివి, అప్పటికిని బాగున్నచో పంపవలెనను చిన్న కట్టుబాటు ఒక్కటి చేసికొన్నను మన సంచికల బరువు సగము తగ్గును, విలువ రెట్టింపగును.

ఆశుకవుల మాటేమని అడుగువారుందురు. తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బాల్యమున యానాములో చదువుకొన్నవారే. ఆయనయు, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును చేసిన శతావధానములు చూచినవారికి మెరుపువలె తోచియుండును. శతావధానమున నూరుగురు పృచ్ఛకులు తమ తమ విషయములపై పద్యములడుగుదురు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చొప్పున వరుసగ చెప్పుకొనుచు పోయి, నాలుగు ఆవృత్తములలో పద్యములు ముగించి, తుదకు అన్నిటిని ధారణ చేసి అప్పగింపవలెను. ఛందస్సు, వ్యాకరణము, పురాణేతిహాసములు ఏండ్ల తరబడి వల్లెవేసిన నాలుకకే ఆ మెరుపు సాధ్యము. కావున ఆశువు నియమము అక్కరలేదనుటకు సాక్ష్యము కాదు. నియమము వంటబట్టి కంటికి కనబడకుండపోయిన స్థితియే ఆశువు.

ఇంతవరకు చెప్పినదానిని ఒప్పుకొనుటలో ఎవరికిని కష్టము లేదు. ఇక కష్టమైన ప్రశ్న. ఒక గృహస్థుడు తెల్లవారుజామున లేచి గది తలుపు మూసికొని వ్రాయుచున్నాడు. మంచిదే. ఆ వేళకు కాఫీ కాచి తెచ్చి బల్లపై పెట్టి, అలికిడి కాకుండ మరలిపోవువారెవరు? పిల్లలు కేక వేయకుండ నోటిపై వ్రేలు పెట్టి ఆపువారెవరు? చుట్టములు వచ్చినచో “వారు వ్రాసికొనుచున్నారు” అని చెప్పి, తన పని విడిచి వారితో మాటాడువారెవరు? పుస్తకము అచ్చు ఖర్చులకై ఏ గాజులు బ్యాంకునకు పోయినవి? సన్మానసభలో శాలువ కప్పించుకొనునాడు రచయిత తన క్రమశిక్షణను గూర్చి చెప్పుకొనును. ఆ క్రమశిక్షణలో సగము వంటింట జరిగినదని చెప్పినవారిని ఎందరిని చూచితిమి? ఒకరి నియమము మరియొకరి నిద్రపైనను, చదువుపైనను నిలిచినప్పుడు అది తపస్సు కాదు. అడుగకుండ వసూలుచేసిన పన్ను.

స్త్రీలును పురుషులవలెనే కవులు కాగలరనియు, సంస్కారము ఆత్మకు చెందినదే గాని స్త్రీపురుషభేదమును అపేక్షింపదనియు రాజశేఖరుడు ఆ కవిచర్యాధ్యాయముననే చెప్పెను. తన భార్య అవంతిసుందరి అభిప్రాయములను పేరుపెట్టి తన గ్రంథమున చేర్చెను. అయినను ఆయన చెప్పిన జాముల లెక్క ఇల్లాలికి ఎట్లు అమరునో ఆయన చెప్పలేదు. ఆ లెక్కను తన జీవితముతో చేసి చూపినవారిలో భండారు అచ్చమాంబగారొకరు.

1874లో పుట్టిన అచ్చమాంబగారు బడికి పోయి చదువుకొన్నవారు కారు. చిన్ననాడే వివాహమైనది. భర్త ఉద్యోగము వలన కాపురము నాగపురము మొదలగు మధ్యపరగణాల ప్రాంతమున. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు అక్కయింట నుండి చదువుకొనుచు, తాను నేర్చినదానిని ఆమెకును నేర్పిరి. ఆమె తెలుగుతోపాటు హిందీ, మరాఠీ భాషలు నేర్చిరి. కన్నబిడ్డలను పోగొట్టుకొనిరి. ఆ దుఃఖమునందును కలము విడువక, అబలాసచ్చరిత్ర రత్నమాల యను పేర స్త్రీల జీవితచరిత్రలను సేకరించి వ్రాసి 1901లో మొదటి భాగము ప్రకటించిరి. ధనత్రయోదశి వంటి కథలు వ్రాసిరి. 1902లో మచిలీపట్టణమున స్త్రీసమాజము స్థాపించుటలో పాలుపంచుకొనిరి. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయముననే, మరణించిరి. రత్నమాల ఆమె తలచినంత పూర్తికాలేదు.

ఆమె సాధనను ఎల్లరును కొనియాడుదురు. ఆ తమ్ముని నియమమును కూడ చూడవలెను. లక్ష్మణరావుగారు నాగపురమున చదువుకొనిన విద్యార్థి; పిమ్మట మునగాల సంస్థానపు దివానుగిరి వహించుచునే 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనకు కారకులైరి; ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. పరీక్షలకు చదువుచుండిన బాలుడు తన చదువువేళలో కొంత తీసి అక్కకు ఇచ్చినాడు. ఆ కొంత లేకున్నచో రత్నమాల లేదు. తలుపునకు గడియ వేసికొని కూర్చుండుట మాత్రమే నియమము కాదు. తన గడియలలో నొకటి ఇంకొకరికి ఇచ్చుటయు నియమమే. ఇది తక్కిన మూడింటికంటె పెద్ద నియమమని నా అభిప్రాయము.

ఇప్పుడు నడిమి ప్రశ్నకు వత్తము. నియమము రచయితను కూడ తీర్చునా? కవి స్వభావమెట్టిదో కావ్యమును అట్టిదే యగుననియు, కవికి వాక్కు, మనస్సు, శరీరము మూడును శుచిగ ఉండవలెననియు రాజశేఖరుని మాట. అనుభవము దీనిని అంతటను సమర్థింపదు. జీవితము అస్తవ్యస్తమైనను కావ్యము నిర్మలమైనవారు కలరు. ఏటేట ఒక గ్రంథము ప్రకటించుచు, ఇంట పలుకు కటువైనవారును కలరు. కావున నియమవంతుడెల్ల సజ్జనుడని చెప్పుట సాహసము.

అయినను ఒకటి చెప్పవచ్చును. రచయిత తన అసత్యమును తాను పట్టుకొను అవకాశము ప్రతిదినమును పొందుచుండును. ఒక విశేషణము అతిశయోక్తి యని తెలిసి కొట్టివేయు చేయి, ఇంటనో కచేరిలోనో అతిశయోక్తి పలుకునప్పుడు కొంచెమైనను జంకవలదా? జంకినచో నియమము లోపలికి దిగినది. జంకనిచో అది వ్రేళ్ళకొనలయందే నిలిచిపోయినది. దీనికి పరీక్షలు మన యింటనే కలవు. తన రచనలోని తప్పును చిన్నవాడు చూపినప్పుడు ముఖము ఎట్లు మారును? తోటి రచయితకు పేరు వచ్చిననాడు భోజనము రుచించునా? వ్రాత సాగని దినమున ఇంటివారిపై మాట ఎట్లు పడును? ఈ మూడింటికి ఉత్తరము చెప్పుకొనిన రచయితకు తన సాధన ఎంతవరకు వచ్చినదో ఇతరులు చెప్పనక్కరలేదు.

నియమమునకు భంగము రాకపోదు. బిడ్డకు జ్వరము వచ్చును. బదిలీ ఉత్తరువు వచ్చును. తల్లిదండ్రుల వృద్ధాప్యము వచ్చును. ఆ వేళ కలము ప్రక్కన పెట్టి మంచము చెంత కూర్చుండుట నియమభంగము కాదు, ధర్మము. షోలాపురమున తరతరములుగ మగ్గము నడపిన మన పద్మశాలీ కుటుంబములకు ఈ సంగతి తెలియును. పోగు తెగుట నేతగాని దోషము కాదు. తెగినదానిని చూచియు చూడనట్లు నాడె ఆడించుట దోషము. పది దినములు తప్పినదని పశ్చాత్తాపముతో మరి పది దినములు పోగొట్టుకొనువాడు, ముడివేయుట మాని పోగు కొరకు ఏడ్చువాడు.

సభలు, సంచికలు, ఉత్సవములు మన సంఘములకు వలసినవే. కాని అవి ఏటికొకమారు వచ్చునవి. తక్కిన దినములలో తెలుగు ఎక్కడ నుండును? ప్రతి యింటను ఒక అరగంటలో నుండవలెను. ఆ అరగంటలో కొంత చదువుట, కొంత వ్రాయుట, నిన్నటిదానిని కొంత దిద్దుట. వ్రాయువాడు పురుషుడైనచో ఆ అరగంటకు వెలగా తానొక పని అందుకొని, ఇల్లాలికి వేరొక అరగంట మిగుల్చుట. వారములో ఒక దినము తన వంతు వదలుకొని, ఒక పిల్లవానినో పిల్లనో ప్రక్కన కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించుట. ఇంతకంటె కఠినమైన వ్రతము నేను చెప్పబోను. ఇది సాగినచో మహాగ్రంథములు పుట్టునో లేదో కాలము నిర్ణయించును. చదువువారు మాత్రము ఇంకొక తరము మిగులుదురు. వ్రాయువానికి అంతకంటె కావలసినదేమి? అట్టి నియమము మనకందరకు అలవడుగాక.